కషాయ శిబిరం దరఖాస్తు

మొయినాబాద్ ఫామ్‌హౌస్ గేటు దగ్గర నా మనవరాలు శ్రీజ దరఖాస్తు నింపి, చిన్నప్పటి అలవాటు కొద్దీ ఒకసారి చూడమని నా చేతికిచ్చింది. ఏవో ఆకుల కషాయం తాగించి, లేనివి కళ్లముందు చూపించి, మనసులోని గాయాలు మాన్పుతామనే మూడు రోజుల శిబిరం అది.

‘మిమ్మల్ని వేధిస్తున్న బాధ’ అన్నచోట ‘అమ్మమ్మ’ అని ఉంది.

శ్రీజ నాలుక కరుచుకుంది. నేను పెన్ను తీశాను.

“ఇరవై ఏళ్లుగా అని రాశావేం? నాలుగో ఏట నా దగ్గరికొచ్చావు. ఇప్పుడు నీకు ఇరవై ఏడు.”

“సరే, ఇరవై మూడు అమ్మమ్మా.”

“‘ప్రతిదాంట్లో తప్పులు వెతుకుతుంది’ అన్నావు. ఉదాహరణలేవీ?”

“ఇప్పుడొకటి దొరికిందిగా.”

వాచ్‌మన్ నవ్వు ఆపుకుంటూ, “అవ్వా, తోడొచ్చినోళ్లు లోపటికి పోవద్దు. జర ఆ కాయితం ఇయ్యుండ్రి,” అన్నాడు.

ఇవ్వదలచుకోలేదు. దాన్ని చించేసి, పిల్లను మెహదీపట్నం బస్సెక్కించి ఇంటికి తీసుకుపోవాలనే నిర్ణయించుకున్నాను. కానీ చించే ముందు ఏ కాగితమైనా చివరిదాకా చదవాలి.

‘అత్యవసరమైతే ఎవరిని పిలవాలి?’ అన్నచోట కూడా ‘అమ్మమ్మ’ అనే ఉంది. పక్కన నా ఫోన్ నంబరు. పది అంకెలూ సరిగ్గా ఉన్నాయి.

పెన్ను మూత పెట్టి, కాగితం వాచ్‌మన్‌కిచ్చాను. ఫోన్‌లో ఛార్జింగ్ ఎంత ఉందో చూసుకున్నాను.