తెల్లబడని సీసా

"ఇది మీ చేనేనాండి?" అంటూ చంద్రరావు ఇనపగొట్టాన్ని నేలలోకి దించాడు.

ఆంజనేయరాజు తల ఊపాడు. "ఆయ్, మాదేనండి."

గొట్టంలో వచ్చిన మన్నును ఆ సర్కారు మనిషి సీసాలో పోసి, పేరు రాసిన చీటీ అంటించాడు. మొగల్తూరు దాటి సముద్రం వైపున్న ఆ చేలల్లోకి ప్రతి పోటుకూ ఉప్పునీరు ఎక్కుతోంది. రెండేళ్ళుగా గింజ లేదు. ఈ ఏడూ పోతే ఎనిమిదెకరాలూ వదిలేసి పోవాల్సిందే.

"దేనికండీ ఇదంతా?"

"మందు వేసి చూశాక చెబుతాను. ముందే చెబితే మన్ను మారిపోతుంది రాజుగారూ!" చంద్రరావు నవ్వాడు. చేలవతల ఉప్పునీటిలో పెరిగే మడచెట్లు చూసి, "అవి ఎవరివి?" అన్నాడు.

"మావీ, పక్కచేను గోపాలరాజువీనండి. వంటచెరుక్కి కొట్టుకుంటాం."

"ఇకమీదట కొట్టకండి."



గోపాలరాజు చేని మన్నూ ఇంకో సీసాకెత్తి, సీసాల పెట్టెను ఆంజనేయరాజు ఇంటి అరుగు మీద ఉంచి, చంద్రరావు కాలువకు స్నానానికి వెళ్ళాడు. వరలక్ష్మమ్మ మొగుణ్ణి తలుపుచాటుకు లాగింది.

"ఏమండీ, వీడు ఉప్పు జవానేనండీ! సత్తియ్య ఇంట్లో చట్టెడు ఉప్పుమన్ను దొరికిందని మొన్న వేసవిలో సంకెళ్ళేసి లాక్కుపోలేదూ? ఉప్పంతా దొరలదేనట, మన్నులో ఉన్నా వాళ్ళదేనట! చట్టెడుకే జైలైతే మనకి ఎనిమిదెకరాలుంది!"

"గట్టిగా అరవకే! నేనేమన్నా ఉప్పు వండానా?"

"ఆ మాట జవానుతో చెప్పండి, చెవులారా వింటాడు."

ఆంజనేయరాజు పెరట్లో కొబ్బరిచెట్టు మొదట్లో ఉప్పంటని గుప్పెడు తియ్యమన్ను తవ్వుకొచ్చాడు. తన సీసా ఖాళీ చేసి అది నింపాడు. తొందరలో సగం పంచె మీదే పడింది. పక్కనే గోపాలరాజు సీసా. పాపం, అదీ మారుద్దామని చెయ్యి చాపాడు. కాలువ వైపు నుంచి దగ్గు వినబడింది. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు.

చంద్రరావు వచ్చి గోపాలరాజునూ పిలిపించాడు. సీసాల్లో నీళ్ళు పోసి కుదిపి, తేరుకున్నాక ఉప్పును తేల్చే మందు చుక్కలు వేశాడు. గోపాలరాజు సీసా పాలలా తెల్లబడింది. ఆంజనేయరాజు సీసా తేటగా ఉండిపోయింది.

చంద్రరావు సంచిలో చెయ్యి పెట్టాడు. సంకెళ్ళే అనుకుని ఆంజనేయరాజు తల దించుకున్నాడు, గోపాలరాజు ముఖం చూడలేక.

బయటికొచ్చింది కాగితం. "మడచెట్లు నరకనని ఇక్కడ సంతకం పెట్టండి గోపాలరాజుగారూ."

ఆయన పెట్టాడు.

"మరి... నేనండీ?" ఆంజనేయరాజు తలెత్తి అడిగాడు.

"మీదేముందండి, బంగారం లాంటి నేల! మీరు వెళ్ళొచ్చు."

తలుపు వెనక వరలక్ష్మమ్మ గాజులు గలగలలాడాయి, దణ్ణం పెట్టుకుంటోంది. ఆంజనేయరాజు పంచె మీది మన్ను నెమ్మదిగా దులుపుకున్నాడు.

చంద్రరావు సంతకం మీద సిరా ఆరనిచ్చి, కాగితం మడిచాడు.

"పోటు దెబ్బకి గట్టు తెగకుండా కాసేవి ఆ మడచెట్లేనండి. ఉప్పు తేలిన చేలకే సర్కారు గట్టు వేస్తుందండి."