తరుగు

ఉల్లక్క కాటా ఎక్కింది. ముల్లు డెబ్భై రెండు దగ్గరికొచ్చి ఆగింది.

"చూశావా? నా బరువెంతో ఇంకొకళ్ళు చెప్పాల్సిన పని లేదు," అంది కూతురితో.

ఉల్లిపాయలూ బంగాళాదుంపలూ అమ్మే కొట్టు అది. బస్తాలు తూచే ఇనుప కాటా గుమ్మం పక్కనే ఉంటుంది. ఆదివారం కొట్టు తెరవగానే ముందు ఉల్లక్క ఎక్కాలి, ఆ తర్వాతే బస్తా ఎక్కాలి. ఏళ్ళు గడిచాయి, జుట్టు నెరిసింది. ముల్లు మాత్రం డెబ్భై రెండు దాటి ఎరగదు.

"ఆస్పత్రిలో తొంభై చూపించిందమ్మా. షుగరు వల్లే కాలి మీద పుండు మానడం లేదట. తిండి దారిలో పెట్టకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందన్నారు డాక్టరుగారు. ఒక్కసారి డైటీషియన్ దగ్గరికి వెళ్ళొద్దాం. ఇవాళ్టికే టైము కూడా తీసుకున్నాను."

"ఎవర్నడిగి తీసుకున్నావు?"

"అడిగితే ఒప్పుకోవుగా."

"ఆస్పత్రి కాటా గురించి నాకు చెప్పకు. పుట్టిందీ మెట్టిందీ కాటా ఉన్న ఇంట్లోనే. కింద మర ఉంటుంది. ఇటు తిప్పితే ఎక్కువ, అటు తిప్పితే తక్కువ. వాళ్ళకీ గిరాకీ కావాలి కదా. వచ్చిన ప్రతివాడికీ నాలుగు కిలోలు కలపకపోతే ఆ డైటీషియన్ గదిలో కుర్చీలెలా నిండుతాయి?"

"మరి నీ జాకెట్లన్నీ ఎందుకు బిగుతయ్యాయి?"

"ఈ కాలం గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది."

ఉల్లక్క మొగుడు మూల కూర్చుని కుళ్ళిన ఉల్లిపాయలు ఏరుతున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళాం మాటకు ఎదురు చెప్పగా వీధిలో ఎవరూ వినలేదు. ఇప్పుడూ తల ఎత్తలేదు.

అంతలో ఫ్యాక్టరీ క్యాంటీన్ వంటాయన వచ్చాడు. రెండు బస్తాలు తూయించుకుని బండిలో వేయించాడు.

"నీ కొట్లో బస్తా మిగతా కొట్లలో బస్తా కంటే మూడు రోజులెక్కువ వస్తుందక్కా. ఏం మాయ చేస్తారో గానీ," అంటూ వెళ్ళాడు.

"విన్నావా? అదీ మన కాటా అంటే," అంది ఉల్లక్క.

ఆ మాట నిజమే. వీధిలో ఏ కొట్టుకీ లేని గిరాకీ ఈ కొట్టుకుంది. తూనికల ఆఫీసరు కూడా ఇక్కడికొస్తే చూడకుండానే ముద్ర వేసి పోతాడు, ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదని. కాకపోతే ఎదురు కొట్టువాళ్ళు మేడ మీద మేడ వేశారు. ఉల్లక్క నెత్తిన ఇంకా రేకులే. అడిగితే తరుగు అంటుంది. లారీలో వచ్చిన ఉల్లి కొట్లో ఎండుతుంది, ఎండితే బరువు తగ్గుతుంది, ఆ తగ్గినదే తరుగు. అందరికీ ఉండేదే. తనకే అంత తరుగెందుకో ఆవిడ ఎప్పుడూ ఆలోచించలేదు.

"వాళ్ళవి మోసం మేడలు. మనవి నిజాయితీ రేకులు," అంటుంది.

కూతురికి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"కాలి వేలు పోయాక కూడా ఇలాగే మాట్లాడతావా?"

ఉల్లక్క కట్టు కట్టిన పాదం వైపు చూసుకుంది. భయం వేసింది. భయం వేస్తే ఆవిడకు గొంతు పెరుగుతుంది.

"సరే, వస్తాను. ఒట్టి చేతుల్తో మాత్రం రాను. ఈ కాటా తీసుకునే వస్తాను. ఆవిడ కాటా పక్కన పెట్టి, రెండూ ఎక్కుతాను. రెండూ ఒకటే చెప్తే ఆవిడ గడ్డి తినమన్నా తింటాను. చెప్పకపోతే ఆ గుమ్మం తొక్కను, పైగా ఆవిడ బోర్డు నేనే పీకి రోడ్డు మీద పారేస్తాను."

అన్నదే తడవు, వీధిలో పోతున్న ట్రాలీ అతన్ని పిలిచేసింది. ఇద్దరు హమాలీలు వచ్చి కాటాకు చెరో వైపు చెయ్యి వేశారు.

మొగుడు లేచాడు. చేతికంటిన ఉల్లిపొట్టు దులుపుకోకుండానే వచ్చి కాటాకి అడ్డం నిలబడ్డాడు.

"దీన్ని కదపొద్దు. నువ్వెళ్ళు. ఆవిడ చెప్పినట్టు తిను."

ఉల్లక్క నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అదేం మాట? మన కాటా మీద మీకే నమ్మకం లేదా?"

ఆయన కూతురి వైపు ఒకసారి చూసి, పెళ్ళాం కాలి కట్టు మీదికి చూపు దించుకున్నాడు.

"ఈ పిల్ల పుట్టాక నువ్వీ కాటా ఎక్కి దిగి, ఏడ్చి, రెండు రోజులు అన్నం ముట్టలేదు చూడు, అప్పట్నుంచీ నువ్వు పెరిగినప్పుడల్లా దీని మర నేనే వెనక్కి తిప్పుతూ వచ్చాను, ఇన్నేళ్ళూ మన కొట్లో పోయిన తరుగంతా అదే."