పచ్చ బోర్డు

"ఆగు. వాసన ఘాటెక్కింది. ఐరన్ వేడి తగ్గించు," అన్నాడు మామగారు.

కోడలు గబుక్కున సోల్డరింగ్ ఐరన్ పైకెత్తి వేడి తగ్గించింది. రిపేరు షాపులో ముప్పై ఏళ్లుగా ఎవర్నీ కూర్చోనివ్వని తన కుర్చీలో ఇవాళ ఆమెను కూర్చోబెట్టి, ఎదురుగా స్టూలు వేసుకున్నాడాయన. ఈ గేమ్ కన్సోల్ బాగుచేస్తే ఆ కుర్చీ ఆమెది. పాడుచేస్తే మళ్లీ కౌంటర్లో చీటీలు అంటించుకోవడమే. పోయిన వారం ఇంకో కన్సోల్‌తో ఇదే పరీక్షకు కూర్చున్న మరిది స్విచ్ నొక్కాడో లేదో, బోర్డులోంచి పొగలొచ్చాయి. "అది ముందే పోయింది నాన్నా," అని చేతులు దులిపేసుకున్నాడు మహానుభావుడు.

చూడ్డానికి చిన్న పనే. డిస్క్ డ్రైవ్ అరిగిపోయింది, కొత్తది వచ్చింది. కానీ ఈ కన్సోల్ మహా మొండిది. తనతో పుట్టిన పచ్చ బోర్డు లోపల ఉంటేనే డ్రైవ్‌ని నమ్ముతుంది, లేదంటే ఏ డిస్కూ ముట్టదు. అందుకని పాత డ్రైవ్‌లోంచి ఆ బోర్డు ఊడదీసి, కొత్త డ్రైవ్‌లో కూర్చోబెట్టి, తీగలు ఒక్కోటీ అతకాలి. ఆ బోర్డు గానీ మాడిందా, కన్సోల్ మొత్తం పాత సామాన్లోకే.

ఆఖరి తీగ దగ్గర చెయ్యి పట్టు తప్పింది. టంకం చుక్క జారి రెండు పాయింట్ల మధ్య గడ్డకట్టింది. ఇలాగే స్విచ్ వేస్తే షార్టై బోర్డు మాడిపోతుంది. గీకేద్దామని కోడలు ఐరన్ స్టాండులో పెట్టేసరికి, ఆ చప్పుడుకే ఆయన చెయ్యి చాచాడు.

"అయిందా? ఇటివ్వు."

ఇవ్వక తప్పలేదు. ఆయన భూతద్దం కంటికి ఆనించి బోర్డుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపే తిప్పాడు. ఆమె చీవాట్లకు సిద్ధపడి తల దించుకుంది.

"బాగుందమ్మాయ్. బిగించి స్విచ్ నొక్కు. కుర్చీ నీదే."

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. అంత లావు చుక్క ఆయన కంటికి ఆనలేదా? పోనీ, ఆయనే బాగుందన్నాక తనకెందుకు? మాడితే, మీరే చూశారుగా అంటే సరి. బోర్డు బిగించింది. వేలు స్విచ్ దాకా వెళ్లింది.

"నేను నొక్కను మామయ్యా. రెండు పాయింట్లు కలిసిపోయాయి. నా చెయ్యే జారింది."

కుర్చీ పోయినట్టేననుకుంది.

"ఊడదీసి గీకు," అన్నాడాయన.

గీకింది. మళ్లీ బిగించి స్విచ్ నొక్కింది. డిస్క్ సుయ్యిమని తిరిగింది. ఆయన చెవి దగ్గరగా పెట్టి విని తలూపాడు. ఆమె లేవబోయింది.

"కూర్చో. కుర్చీ నీదేనన్నాగా."

"అంత పెద్ద తప్పు భూతద్దంలో కూడా కనపడలేదా మామయ్యా?"

ఆయన భూతద్దం ఆమె చేతిలో పెట్టాడు. మసక పట్టిందేమో తుడుద్దామని ఆమె గుడ్డ తీసుకుంది. గుడ్డతో పాటు వేలు కూడా చట్రంలోంచి అవతలికి వెళ్లిపోయింది.

"అద్దం ఉన్నా లేకపోయినా నాకొకటే. దగ్గరి చూపు పోయి ఆర్నెల్లయింది," అన్నాడాయన. "నీ మరిదికీ బాగుందనే చెప్పాను."