వంతెనకు అవతల

"నీ వైపు తొమ్మిది. జోయెల్ వైపు రెండు," అన్నాడు ఆఫీసరు దుర్గాప్రసాద్, పుస్తకం మూసేస్తూ. "రోడ్డు ఒకటే. లారీలూ అవే. ఇంత తేడా ఎందుకొస్తోందయ్యా ఆమోసూ?"

కొల్లేరు అభయారణ్యం మధ్యగా పోయే ఆ రోడ్డుకి వాచర్లు ఇద్దరే. వంతెనకు ఇవతల ఆమోసు, అవతల జోయెల్. బండ్ల కింద జంతువులు పడకుండా చూడటం, పడి చచ్చినవాటి లెక్క చెప్పడం వాళ్ల పని.

"మళ్లీ చెప్తున్నా, నెలాఖరుకి నీ లెక్క పది దాటిందంటే నీ బదులు ఇంకొకళ్లని పెట్టుకుంటా. జోయెల్‌ని చూసి నేర్చుకో."

ఆ చివరి మాటకి ఆమోసు ఒళ్లు మండిపోయింది. అందరికీ జోయెలే! ఆమోసు చెయ్యి ఊపితే చేపల లారీవాళ్లు హారన్ కొట్టుకుంటూ పోతారు. అదే జోయెల్ ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడితే బ్రేకు వేసి, "టీ తాగావా అన్నా?" అని పలకరించి మరీ పోతారు. పోయిన వారం బావురుపిల్లి కూనని ఎత్తుకున్న అతని ఫోటో పేపర్లో పడింది. ఆ పేపరుని ఆమోసు భార్య రావమ్మ మడిచి దాచుకుంది కూడా.

"జోయెల్ అన్న తెల్లారకముందే రోడ్డెక్కుతాడు. నువ్వూ కాస్త ముందు లేవరాదూ?" అంది రావమ్మ ఆ సాయంత్రం.

"వాడి పేరు ఈ ఇంట్లో ఇంకోసారి ఎత్తావంటే ఊరుకోను!"

మర్నాడు ఆమోసు నిజంగానే పెందలాడే లేచాడు. రోడ్డు కాయడానికి కాదు. వంతెన దాటి, సైకిల్ని పక్కన పడేసి, కిక్కిస గడ్డి దుబ్బుల్లో పొంచి కూర్చున్నాడు.

వెలుగు వస్తుండగా జోయెల్ రోడ్డు దిగి వచ్చాడు. భుజాన గోనెసంచి, చేతిలో పార. గట్టు పక్కన గొయ్యి తీసి సంచి విప్పాడు. అందులో ఉన్నది నడుం విరిగిన బావురుపిల్లి. కాసేపు దాని తల నిమిరి, గోతిలో పడుకోబెట్టి మట్టి కప్పాడు.

'అమ్మ దొంగా! ఇదా నీ రెండు లెక్క!' ఆమోసుకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. సెల్‌ఫోన్లో గబగబా నాలుగు ఫోటోలు తీసి ఆఫీసరుకి పంపాడు.

ఎనిమిదింటికల్లా ఆఫీసరు జీపు వచ్చి ఆగింది. గట్టు పొడుగునా తవ్విస్తే ఒక్కొక్కటే బయటపడ్డాయి. రెండు బావురుపిల్లులు, ఒక నీటికుక్క, చిప్పలు పగిలిన తాబేళ్లు, రెక్కలు నలిగిన నామాలకోళ్లు.

"ఇన్ని పాతిపెట్టి నాకు రెండని చెప్తావా? నిన్ను నమ్మి నీ గురించి పైకి రాశానయ్యా!"

జోయెల్ ఒక్కసారి ఆమోసు వంక చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"తప్పయిపోయిందండి."

"అంతేనా? ఇంకేం చెప్పుకునేది లేదా?"

"లేదండి."

"రేపట్నించి రావద్దు. రోడ్డంతా ఆమోసే చూసుకుంటాడు."

జోయెల్ ఎర్రగుడ్డని మడిచి ఆమోసు చేతిలో పెట్టాడు. "తెల్లారుజామునే ఎక్కువ దాటతాయి, జాగ్రత్త," అని మాత్రం అని, గట్టు మీదుగా నడిచి వెళ్లిపోయాడు.

ఆమోసు దారిలో మిరపకాయ బజ్జీలు కట్టించుకుని, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు. రావమ్మ బూడిదతో చేపలు తోముతోంది. సెల్‌ఫోన్ ఆమె కళ్ల ముందు పెట్టి జరిగిందంతా పొల్లుపోకుండా చెప్పాడు.

"చూశావా, మీ అన్న నిర్వాకం?"

రావమ్మ బూడిద చేతులతోనే నెత్తి కొట్టుకుంది.

"అవి ఆయన వైపువి కావయ్యా! నీ ఉద్యోగం పోతుందని, నువ్వు లేచి వెళ్లేలోగా నీ వైపు చచ్చినవాటిని తీసేయమని ఆయన కాళ్లావేళ్లా పడింది నేనే!"