రెండు వరుసల ఉత్తరం

"ధరణీ, ఈ కవర్లు రెండూ అంటించి, నీది నువ్వుంచుకుని స్వాతిది స్వాతికిచ్చెయ్. రేపు పదింటికల్లా హాడో ఆసుపత్రిలో పద్మిని మేడమ్ ముందుండాలి ఇద్దరూ. చలో!" అంటూ డాక్టర్ శంకరరావు కారెక్కేశాడు.

జంగ్లీఘాట్‌లోని ఆయన నర్సింగ్ హోమ్‌లో ఆర్నెల్లుగా పని నేర్చుకుంటున్నారు ధరణీ, స్వాతీ. ఇద్దరూ కిర్గిజ్‌స్థాన్‌లో డాక్టరీ చదివి, ఇక్కడి స్క్రీనింగ్ పరీక్ష పడుతూ లేస్తూ గట్టెక్కి, ఇంటర్న్‌షిప్ ముగించినవాళ్లే. పద్మిని ఆసుపత్రిలో ఉన్నది ఒక్కటే రెసిడెంట్ పోస్టు. శంకరరావు ఎవర్ని చూపిస్తే వాళ్లకే ఇస్తుందావిడ.

ధరణి గమ్ సీసా మూత తీసింది. మనసాగలేదు. కాగితాలు బయటికి లాగింది.

కవర్ల మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నా, లోపలి ఉత్తరాలు రెండూ తెలుగులో ఉన్నాయి. ఆఫీసులో నలుగురి కంటా పడకూడదనుకున్నవి ఆయన తెలుగులోనే రాస్తాడు. ఈ దీవుల్లోనే పుట్టి హిందీ మీడియంలో చదివిన ధరణికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. నాయనమ్మ ఎరుకమ్మ పలక మీద దిద్దించిన సొంత పేరొక్కటే గుర్తుపట్టగలదు. వెతికింది. రెండింట్లోనూ లేదు.

స్వాతి కవర్లోది పేజీ నిండా ఉంది. తన కవర్లోది రెండంటే రెండు వరుసలు.

ఒళ్లు మండిపోయింది. ఇక చదవడమెందుకు? ఆర్నెల్లూ ఇదే తంతు. స్వాతి కుట్లు వేస్తుంటే పక్కనే నిలబడి, చెయ్యి పట్టుకుని మరీ నేర్పేవాడు. "రెండో గదిలో పేషెంట్‌ని నువ్వు చూసుకో ధరణీ," అని తనను మాత్రం ఒంటరిగా తోలేసేవాడు. ఒక్కనాడైనా తొంగి చూసిన పాపాన పోలేదు.

అంతలో స్వాతి వచ్చింది. "దీదీ, సీటు మీకే వస్తాది. నాకైతే భరోసా లేదు."

ఎంత నంగనాచి, అనుకుంది ధరణి. పేజీడు పొగడ్తలు రాయించుకుని పైగా ఓదార్పులొకటి! స్వాతి అటు తిరిగి చేతులు కడుక్కునేలోగా కాగితాలు తారుమారు చేసి, కవర్లు రెండూ అంటించేసింది.

మర్నాడు పద్మిని ముందుగా ధరణి కవర్ చింపింది. విజయనగరంలో చదువుకున్న మనిషి, తెలుగు గడగడా చదివేస్తుంది. పేజీ పూర్తిచేసి పక్కన పెట్టింది. తర్వాత స్వాతిది తీసి, చదివీ చదవకముందే నవ్వేసింది.

"కంగ్రాట్స్ స్వాతీ. సోమవారం నుంచి డ్యూటీకొచ్చెయ్."

"నేనా మేడమ్?" స్వాతి నోరు తెరిచింది.

ధరణి ఉండబట్టలేకపోయింది. "అదేటి మేడమ్! సార్ నాకు పేజీ నిండా రాశారు కదా?"

"రాశారమ్మా. 'ఇది తెచ్చిన అమ్మాయి మంచిదే, ఇంకా చెయ్యి వణుకుతోంది' అని మొదలుపెట్టి, నీకు నేర్పాల్సినవన్నీ వరసగా రాశారు. ఇంకో ఏడాది తన దగ్గరే ఉంచుకుంటారట."

ధరణి రెండో కాగితం వైపు వేలు చూపించింది. "మరి... రెండు వరుసలే కదా దానికి?"

పద్మిని కాగితం ఎత్తి చదివింది:

"ఇది తెచ్చిన అమ్మాయి ఉన్న గదిలోకి నేను తొంగి చూడక్కర్లేదు."