హాప్కిన్ తాత ఓటు

"నిన్న వానలో హాప్కిన్ తాతని కుర్చీతో సహా మోసుకెళ్లి ఓటేయించాం. మన గనుల ఊళ్లో ఒక్క ఓటూ పోనివ్వలేదు!" రేడియో కట్టేశాడు ఎమ్లిన్. "దేశం మొత్తమ్మీద మన లేబర్ పార్టీకే ఎక్కువ ఓట్లట. అయినా సీట్లు తగ్గి ఓడామట! యుద్ధం అయ్యాక ఊరూరా ఉచిత వైద్యం పెట్టిన ప్రభుత్వం, చెల్లాయ్!"

పట్నం నుంచి వచ్చిన చెల్లెలు మేయిర్ చంకలో పిల్లను సర్దుకుంది.

"మా వీధిలో మనవాళ్లు ఒక్కరూ తలుపు తట్టలేదన్నయ్యా. అవతలి పార్టీ కారొచ్చింది. వాళ్ల కారెక్కడానికి మనసొప్పక, ఈ పిల్లతో వానలో నడవలేక ఇంట్లోనే ఉండిపోయాను. పక్కింటావిడా అంతే. మా దగ్గర సీటు కొద్ది ఓట్లతో పోయింది. మీరంతా ఎక్కడున్నారు?"

"ఇక్కడే..."

"ఇక్కడ మేకను నిలబెట్టినా గెలుస్తాంగా!"

ఎమ్లిన్‌కి నిన్న తాతను మోసిన భుజం ఇప్పుడు నొప్పెట్టింది.