గున్‌వోర్ కప్పు

మా ఆఫీసులో వంటగది పని వారానికొకరిది. ఈ వారం నాది. మా చలిదేశంలో నవంబరు కదా, నాలుగింటికే చీకటి పడింది. అందరూ వెళ్లిపోయారు. మూడు వారాలుగా నా జేబులో రాజీనామా ఉత్తరం నలుగుతోంది.

డిష్‌వాషర్ తెరిచాను. పై అరలో గున్‌వోర్ నీలం కప్పు కనిపించింది. ఉద్యోగం పోయిన రోజు ఆమె దాన్ని కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్లడం నేను కళ్లారా చూశాను.

ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని ఆమెకు ఫోన్ చేశాను.

"నీ కప్పు ఇక్కడ మర్చిపోయావా?"

"లేదే! దాంట్లోనే కాఫీ తాగుతున్నా. ఏమ్మా, ఆఫీసు నన్ను వదల్లేకపోతోందా?" నవ్వి, గొంతు తగ్గించింది. "అవునూ, టోర్కెల్‌కి నా పేరు ఎవరు చెప్పారో తెలిసిందా?"

ఎవర్ని తీసేద్దామని మేనేజర్ టోర్కెల్ అడిగినప్పుడు ఆ గదిలో ఉన్నది నేనొక్కదాన్నే.

"తెలీదు" అన్నాను.

చెయ్యి చురుక్కుమంది. కప్పు నిండా పొగలు కక్కే కాఫీ.

"ఎవరైతేనేంలే. ఇంకా అక్కడే పనిచేస్తున్నారా వాళ్లు?"

జేబులో ఉత్తరాన్ని తడుముకున్నాను.

"చేస్తున్నారు."

ఫోన్లో ఆమె గుటక వేసిన చప్పుడు వినిపించింది. నా చేతిలో కాఫీ కాస్త తగ్గింది.

రేపు పొద్దున ఎవరి కంటా పడకుండా, ఆ కప్పును అల్మారాలో నా కప్పు వెనక దాచాను.